గేమ్‌ప్యాడ్ బటన్లకు దిక్కుల పేర్లెందుకు?

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

రెండు మౌస్‌లు తగిలిస్తే ఏది ఏదో కంప్యూటర్‌కి ఎలా తెలుస్తుందని అడిగారుగా. ఫోన్‌లో చెబితే సగం గాలికి పోతుందని రాస్తున్నాను. నేను పనిచేసింది లినక్స్ (విండోస్ లాంటి ఆపరేటింగ్ సిస్టమ్) డ్రైవర్ల మీద, అంటే పరికరాలను కంప్యూటర్‌తో మాట్లాడించే ప్రోగ్రాముల మీద కాబట్టి ఆ సంగతే చెబుతాను.

కీబోర్డయినా, మౌసయినా, గేమ్‌ప్యాడయినా తగిలించగానే లినక్స్‌కి గుండెకాయ లాంటి కెర్నెల్ దానికో ఫైలు తెరుస్తుంది: ఈవెంట్0, ఈవెంట్1, ఈవెంట్2... ఆ అంకె ఆసుపత్రి టోకెన్ లాంటిది, ముందు వచ్చినదానికి ముందు నంబరు. ఇవాళ ఈవెంట్5గా ఉన్న మౌస్, రేపు ఆన్ చేసేసరికి ఈవెంట్7 కావచ్చు. అందుకే ప్రోగ్రాములో నేరుగా ‘ఈవెంట్5’ అని రాసేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

అసలు గుర్తింపు డ్రైవర్ నింపే వివరాల్లో ఉంటుంది. ‘నేమ్’ మనం చదువుకోవడానికి. ‘ఫిజ్’ ఏ పోర్టు దారిన వచ్చిందో చెబుతుంది. ‘యూనిక్’లో సీరియల్ నంబరో, బ్లూటూత్ అడ్రసో ఉంటుంది, చవక మౌస్‌లలో ఇది తరచుగా ఖాళీయే. వీటికి తోడు కంపెనీ నంబరు, మోడల్ నంబరు. యూడెవ్ అనే ప్రోగ్రాము ఇలాంటి వివరాలతోనే మారని పేర్లు కడుతుంది. సీరియల్ నంబరు లేని ఒకే మోడల్ మౌస్‌లు రెండుంటే మోడల్‌ను బట్టి కట్టిన పేరు ఒక్కదానికే దక్కుతుంది. అప్పుడు పోర్టును బట్టి పెట్టిన పేరే దిక్కు.

గేమ్‌ప్యాడ్ కథ ఇంకా తమాషా. ఎక్స్‌బాక్స్‌లో ‘ఏ’ బటన్ కింద ఉంటుంది, నింటెండోలో కుడివైపు. ప్లేస్టేషన్‌లో అక్షరాలే లేవు, గుర్తులే. లినక్స్‌లో మొదట ఏ, బీ, ఎక్స్, వై పేర్లే ఉండేవి. తర్వాత బటన్ మీద ఏం రాసి ఉందని కాక, ఎక్కడుందో చూసి సౌత్, ఈస్ట్, నార్త్, వెస్ట్ అని పెట్టారు. నా దృష్టిలో తెలివైన పనే. కింది బటన్ ఎవరి ప్యాడ్‌లోనైనా కిందే కదా!

కానీ పాత పేర్లను నమ్ముకుని ఎన్నో ఆటలు రాసేశారు, వాటిని తీసేయడానికి లేదు. లోపల ప్రతి బటన్ పేరుకీ ఒక నంబరుంటుంది. దాంతో పాత ‘ఎక్స్’కీ కొత్త ‘నార్త్’కీ ఒకే నంబరు, 307. నింటెండోలో ఎక్స్ పైనే ఉంది, ఇబ్బంది లేదు. ఎక్స్‌బాక్స్‌లో అది ఎడమవైపుంది. అయినా దాని డ్రైవర్ ఎక్స్ నొక్కితే 307 అనే చెబుతుంది. అంటే ఎడమ బటన్ పేరు ఉత్తరం! ఇప్పుడు సరిచేస్తే పాత ఆటల్లో బటన్లు తారుమారవుతాయి కాబట్టి ఎవరూ ముట్టుకోరు.

సెలవుల్లో లినక్స్ కంప్యూటర్ దొరికితే ప్రాక్ ఫోల్డర్‌లో బస్, దాని కింద ఇన్‌పుట్, అందులో డివైసెస్ అనే ఫైలు తెరవండి. ఒక్క కీబోర్డుకే రెండు మూడు పేర్లు కనిపించవచ్చు. వాల్యూమ్ మీటల్ని వేరే పరికరంగా లెక్కేయడం మామూలే. మీ ఇంట్లో ఎన్ని కనిపించాయో రాయండి.

ఇట్లు,
మీ తాతయ్య