నీళ్లలో మునిగే ఇనుముకు ఏ పెయింట్? మా షెడ్డులో రోజూ వినే అపోహలు

తిరుపతిలో ఉంటూ పడవ సామాన్లకు పెయింట్ వేస్తానంటే, "ఇక్కడ పడవలెక్కడ సామీ, తెప్పోత్సవానికా?" అని నవ్వుతారు. 2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లా ఏర్పడినప్పుడు తడ, సూళ్లూరుపేట, వాకాడు ఈ జిల్లాలోకే వచ్చాయి. అంటే పులికాట్ సరస్సూ మనదే, కొంత సముద్రతీరమూ మనదే. నా షెడ్డులో ఎక్కువ పని గేట్లు, ట్రస్సులే అయినా, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా చేపల వేట నిషేధం ఉండే 61 రోజుల్లో చుక్కానులు, షాఫ్ట్ బ్రాకెట్లు, పడవ వెనక బిగించే అవుట్‌బోర్డ్ ఇంజన్ల కాళ్లు ఆటోల్లో దిగుతుంటాయి.

దింపీ దింపగానే అందరిదీ ఒకటే మాట: "అన్నా, గట్టి పెయింట్ పేరు చెప్పు." పేరు చెప్పే ముందు నేను మూడు అడుగుతాను. ఇది ఏ లోహం? ఏ నీళ్లలో ఉంటుంది? పక్కన జింక్ ముక్క బిగించి ఉందా? వాటికి జవాబు తెలియకుండా పేరు చెప్పడమంటే నాడి చూడకుండా మందు ఇవ్వడమే.

అపోహ: రెడ్ ఆక్సైడ్ కొట్టి, పైన రెండు కోట్లు ఎనామెల్ వేస్తే ఇనుముకు ఢోకా లేదు.

ఇంటి గేటుకైతే సరే. మునిగి ఉండేదానికి పనికిరాదు. పని కొత్తలో నేనూ ఈ తప్పు చేశాను. ఒక చుక్కానికి అద్దంలా మెరిసేలా ఎనామెల్ వేసి పంపితే, మూడు నెలలకు అరటి తొక్కలా ఊడిన పెయింట్‌తో తిరిగొచ్చింది. ఎనామెల్ తయారయ్యేది నూనె ఆధారంతో. చుక్కాని దగ్గర జింక్ ముక్క ఉంటే అది కరుగుతూ ఇనుమును కాపాడుతుంది, కానీ ఆ పనిలో ఇనుము మీద ఉన్న నీరు క్షారంగా మారుతుంది. నూనె, క్షారం కలిస్తే ఏమవుతుందో సబ్బు వండిన వాళ్లకు చెప్పక్కర్లేదు. పెయింట్ అడుగు నుంచి సబ్బై జారిపోతుంది.

నీళ్లలో ఉండే ఇనుముకు హార్డనర్ కలిపి వాడే రెండు డబ్బాల ఎపాక్సీ కావాలి. అందులోనూ నిత్యం నీళ్లలో మునిగే వస్తువులకు వాడొచ్చని కంపెనీ డేటా షీటులో రాసి ఉండాలి. ఎపాక్సీ అని పేరున్న ప్రతి డబ్బా అందుకు పనికిరాదు.

అపోహ: తుప్పు పోయి ఇనుము తెల్లగా మెరిస్తే రెడీ.

నాకు ఎక్కువ గొడవలు వచ్చేది ఇక్కడే. తుప్పు కంటికి కనిపిస్తుంది, ఉప్పు కనిపించదు. తుప్పు గుంటల అడుగున ఉప్పు దాక్కుని ఉంటుంది. గ్రైండర్ పెడితే పోదు సరికదా, ఇంకా లోపలికి పూసినట్టవుతుంది.

ఆవకాయ పెట్టేటప్పుడు ముక్కలకు ఉప్పు పట్టిస్తే మర్నాటికి నీరు ఊరుతుంది కదా. పెయింట్ కిందా అదే జరుగుతుంది. ఎంత మంచి ఎపాక్సీ అయినా నీటి ఆవిరిని చాలా నెమ్మదిగా లోపలికి రానిస్తుంది. కింద ఉప్పు ఉంటే ఆ నీటిని అదేపనిగా లాగుతుంది. కొన్నాళ్లకు శనగగింజంత బొబ్బలు లేస్తాయి. సూదితో పొడిస్తే నీళ్లు కారతాయి. అప్పుడు తిట్లు పెయింట్ కంపెనీకి పడతాయి, తప్పు మాత్రం కడగని వాడిది.

అందుకే నా వరస ఇది: ముందు మంచినీళ్లతో ప్రెషర్ వాష్, తర్వాత బ్లాస్టింగ్ (గాలి ఒత్తిడితో గరుకు పొడి కొట్టి గీకడం), అవసరమైతే మళ్లీ కడిగి, ఆరబెట్టి, మళ్లీ తేలిగ్గా బ్లాస్టింగ్. మంచినీళ్లు అంటే నిజంగా మంచినీళ్లే. బోరు నీళ్లు ఆరాక బకెట్ అంచున తెల్లచార కడుతుంటే, అవే నీళ్లతో కడిగి ఏం లాభం? ఆఖరి కడుగుకు నేను ఆర్.ఓ. క్యాన్లు తెప్పిస్తాను. కుర్రాళ్లు నవ్వుతారు, నవ్వనీ.

బ్లాస్టింగ్‌లో ఎస్.ఎ. రెండున్నర స్థాయి శుభ్రత రావాలి, అంటే తుప్పు, పాత పెయింట్ పోయి లేత మరకలు మాత్రమే మిగలాలి. 50 నుంచి 75 మైక్రాన్ల గరుకు ఉండాలి (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). నున్నగా ఉంటే పెయింట్‌కు పట్టు దొరకదు. ఇంకో మాట, ఏటి ఇసుకతో బ్లాస్టింగ్ చేయొద్దు. ఆ దుమ్ముతో ఊపిరితిత్తులకు సిలికోసిస్ వస్తుంది, దానికి నయం లేదు. గార్నెట్ రాతిపొడి వాడండి, ముఖానికి సరైన మాస్క్ పెట్టుకోండి.

అపోహ: ఒకేసారి మందంగా పట్టిస్తే ఎక్కువ కాలం ఉంటుంది.

మందం కావాలి, నిజమే. మునిగి ఉండే ఇనుముకు మొత్తం 250 నుంచి 400 మైక్రాన్లు మామూలు. కానీ ఒకే కోటులో పోస్తే లోపలి థిన్నర్ బయటికి రాలేక ఇరుక్కుంటుంది. పైన గట్టి, లోన మెత్త.

థిన్నర్ లెక్క కూడా చూడండి. పెయింట్‌లో ఘనపదార్థం 60 శాతం ఉంటే, 200 మైక్రాన్లు తడిగా వేసినది ఆరాక 120 మిగులుతుంది. బ్రష్ సాఫీగా నడవాలని లీటరుకు పావు లీటరు థిన్నర్ కలిపారా, అదే 200 ఆరేసరికి 96 అవుతుంది.

అసలు తుప్పు మొదలయ్యేది అంచుల్లో. పదునైన అంచు మీద తడి పెయింట్ నిలవదు, వెనక్కి జరిగిపోతుంది. నేను ప్రతి అంచునూ గ్రైండర్‌తో గుండ్రంగా చేసి, అంచులకూ వెల్డింగ్ కుట్లకూ ముందు బ్రష్‌తో విడిగా ఒక కోటు వేసి, ఆ తర్వాతే మొత్తానికి వేస్తాను. ఈ పనికి బిల్లులో లైను ఉండదు. ఇది లేకపోతే మిగతా బిల్లంతా దండగ.

అపోహ: నాచు పట్టని ఎర్ర పెయింట్ దేనికైనా వేసేయొచ్చు.

ఆ ఎరుపు చాలా డబ్బాల్లో రాగి ఆక్సైడ్‌ది. గుల్లలు, నాచు పట్టకుండా ఆపేది ఆ రాగే. అవుట్‌బోర్డ్ ఇంజన్ కాలు మాత్రం అల్యూమినియం. ఉప్పునీళ్లలో రాగి, అల్యూమినియం ఒకదానికొకటి తగిలితే కరిగేది అల్యూమినియమే. కాలు పురుగు తిన్న వంకాయలా గుంటలు పడుతుంది. అల్యూమినియానికి దానికి తగిన ప్రైమర్, పైన రాగి ఆక్సైడ్ లేని రకం వేయాలి. పాత తగరం కలిసిన పెయింట్ మిగిలి ఉందని ఎవరైనా చవకగా ఇస్తే తీసుకోకండి. సముద్ర జీవాలను చంపుతోందని 2008 నుంచి అంతర్జాతీయ ఒప్పందం కింద దాన్ని నిషేధించారు.

అపోహ: జింక్ ముక్కకూ రంగేస్తే నీటుగా ఉంటుంది.

వేస్తే అది చచ్చినట్టే లెక్క. అది కరగడానికే ఉంది. పెయింట్ వేసేటప్పుడు టేపు చుట్టండి. పులికాట్‌లో వానలకు నీళ్లు చప్పబడతాయి, ఎండాకాలం ఉప్పెక్కుతాయి. చప్పనీళ్లలో జింక్ మీద పొర కట్టి పని ఆగిపోతుంది, అక్కడ అల్యూమినియం మిశ్రమం ముక్క మేలు.

అపోహ: మిట్టమధ్యాహ్నం ఎండలో వేస్తే బాగా ఆరుతుంది.

మే నెలలో మన ఎండకు ఇనుప రేకు మీద చెయ్యి పెట్టలేం. దాని మీద స్ప్రే చేస్తే థిన్నర్ ఉడికి సూదిరంధ్రాలు పడతాయి. కలిపిన ఎపాక్సీ పనికొచ్చే సమయం కూడా, 10 డిగ్రీలు పెరిగితే దాదాపు సగానికి పడిపోతుంది. డబ్బా చేతిలోనే వేడెక్కి గడ్డకడుతుంది. నవంబరు ముసుర్లో ఇంకో తంటా. ఇనుము వేడి, గాలిలో తేమ నీటిబొట్లుగా పేరుకునే ఉష్ణోగ్రత కన్నా కనీసం 3 డిగ్రీలు పైన లేకపోతే కంటికి ఆనని తడి మీద పెయింట్ వేసినట్టే. తెల్లవారుజామున మొదలుపెట్టొద్దు, ఎండపొడ తగిలాక నీడలో పని చేయండి.

ప్రొపెల్లర్‌కూ ఇదే ఎపాక్సీ వేయమని అడుగుతారు. నేను వేయను. నున్నటి కంచు, పైగా అంత వేగం, త్వరగానే లేచిపోతుంది. పాలిష్ చేసి ఇచ్చేస్తాను.

ఇక ఆఖరి తగువు తేదీ గురించి. బొటనవేలుతో నొక్కి చూసి, "ఆరిపోయింది కదన్నా, రేపు తీసుకెళ్తా" అంటారు. చేతికి అంటకపోవడం వేరు, లోపల పూర్తిగా గట్టిపడటం వేరు. 25 డిగ్రీల దగ్గర చాలా ఎపాక్సీలకు దాదాపు 7 రోజులు కావాలి. జూన్ 14 దగ్గర పడుతోందని టెన్షన్ పడి ముందే ముంచితే మళ్లీ నా దగ్గరికే వస్తుంది. ఇప్పుడు షెడ్డులో కొక్కేనికి ఒక చుక్కాని వేలాడుతోంది. చాక్‌పీసుతో తేదీ రాసి, కింద "ముట్టొద్దు" అని పెట్టాను. దాని ఓనరు ఈ పొద్దుటి నుంచి రెండుసార్లు ఫోన్ చేశాడు.