పాఠశాల పంపే మొదటి సందేశం: అపోహలు – వాస్తవాలు

పాఠశాలలో ప్రమాదం జరిగినా, బెదిరింపు వచ్చినా తల్లిదండ్రులకు సమాచారం పంపే బాధ్యతను చాలాకాలంగా నిర్వహిస్తున్నాను. సంఘటన ఏదైనా మరునాడు కార్యాలయానికి వచ్చేవారు అడిగే ప్రశ్న మాత్రం మారదు: "అసలు సంగతి మాకు ఎందుకు చెప్పలేదు?" ఆ ప్రశ్నలోని ఆందోళన సహజమైనదే. దాని వెనుక ఉన్న నమ్మకం మాత్రం పొరపాటు, పైగా అపాయకరం.

అపోహ: మొదటి సందేశంలో వివరాలు లేవంటే పాఠశాల ఏదో దాస్తోంది.

వాస్తవం: మొదటి సందేశం రాసే సమయానికి రూఢి అయిన వివరాలు ఎవరి వద్దా ఉండవు. అలారం మోగిన తరువాతి నిమిషాలన్నీ హాజరుపట్టీ పట్టుకుని తరగతుల వారీగా పిల్లలను లెక్కించడానికి, అగ్నిమాపక శాఖకో పోలీసులకో ఫోన్ చేయడానికి, గాయపడినవారికి ప్రథమ చికిత్స చేయడానికి సరిపోతాయి. ఆ సమయంలో ఒకే సంఘటన గురించి నలుగురు నాలుగు రకాలుగా చెబుతారు, అది కూడా అబద్ధమాడే ఉద్దేశంతో కాదు. అందువల్ల ఏది నిర్ధారణ అయింది, పిల్లలు ఇప్పుడు ఎక్కడ ఉన్నారు, తల్లిదండ్రులు ఏం చేయాలి, తరువాతి సందేశం ఎప్పుడు వస్తుంది అన్నవి మాత్రమే మొదటి సందేశంలో ఉంటాయి. కారణం ఏమిటి, బాధ్యులెవరు, గాయాలు ఎంత తీవ్రమైనవి అన్నవి అందులో ఉండవు, ఉండకూడదు కూడా. తొందరపడి పంపిన ఒక్క తప్పు వాక్యాన్ని సవరించడానికి ఆ తరువాత ఎన్ని సందేశాలు పంపినా చాలవు.

ఒకసారి ప్రయోగశాలలో రసాయనం ఒలికి ఘాటైన వాసన వ్యాపించినప్పుడు పిల్లలందరినీ మైదానానికి తరలించి, ఆ విషయాన్నే కొద్ది వాక్యాల్లో అందరికీ తెలియజేశాం. మా సందేశంలోని 'ఘాటైన వాసన' వాట్సాప్ గ్రూపుల్లో నాలుగు చేతులు మారేసరికి 'పేలుడు' అయింది. చూస్తుండగానే గేటు ముందు వాహనాలు నిండిపోయాయి. అగ్నిమాపక వాహనం మలుపు దగ్గరే ఆగిపోవడంతో సిబ్బంది పరికరాలను మోసుకుంటూ నడిచి రావలసివచ్చింది. మా సందేశం చూశారా అని ఒక తండ్రిని అడిగితే, చూశానని, కానీ గ్రూపులో వచ్చినదే ఎక్కువ వివరంగా ఉందని అన్నారు. ఆయన మీద నాకు కోపం రాలేదు, ఎందుకంటే ఆయన చేతులు వణుకుతున్నాయి. చూడనిదాన్ని చూసినట్టు రాసిన ఆ అజ్ఞాత వ్యక్తి మీద మాత్రం ఇప్పటికీ కోపం తగ్గలేదు. కల్పించేవారికి విచారణతో పని లేదు కనుక వదంతి ఎప్పుడూ ముందే చేరుతుంది, వివరంగానే చేరుతుంది.

నిజాన్ని దాచే పాఠశాలలు లేవని నేను అనడం లేదు. అయితే వాటిని గుర్తించడానికి చూడవలసింది మొదటి సందేశాన్ని కాదు, రెండవదాన్ని. చెప్పిన సమయానికి, కొత్త సంగతి ఏదీ లేకపోయినా లేదనే మాటతోనైనా, అది రావాలి. ఒకటి రెండు రోజుల్లో ఏం జరిగింది, ఇకపై ఏం మార్చబోతున్నారు అన్న లిఖితపూర్వక వివరణ అందాలి. అవి రాకపోతే నిస్సంకోచంగా నిలదీయండి, రాతపూర్వకంగా జవాబు కోరండి.

అపోహ: ఎవరి పిల్లలకు గాయాలయ్యాయో అందరికీ చెప్పాలి.

వాస్తవం: గాయపడిన పిల్లల తల్లిదండ్రులకు నేరుగా ఫోన్ చేసి చెప్పాలి, అందరికీ పంపే సందేశంలో పేర్లు ఉండకూడదు. పిల్లలకు గోప్యత హక్కు ఉందని 1989 నాటి ఐక్యరాజ్య సమితి బాలల హక్కుల ఒడంబడికలోని 16వ అధికరణం చెబుతోంది.

అపోహ: తలుపులు మూశారంటే దుండగుడు లోపలికి వచ్చినట్టే.

వాస్తవం: అత్యవసర వేళల్లో ఏం చేయాలో చెప్పే, అమెరికా పాఠశాలలు విస్తృతంగా అనుసరించే స్టాండర్డ్ రెస్పాన్స్ ప్రోటోకాల్‌లో ముప్పు బయట ఉంటే 'సెక్యూర్' అంటారు. అప్పుడు బయటి తలుపులు మూసి, లోపల పాఠాలు యథావిధిగా సాగిస్తారు. ముప్పు లోపలే ఉన్నప్పుడు ప్రకటించేది 'లాక్‌డౌన్'. మీ పాఠశాల ఏ మాటను ఏ అర్థంలో వాడుతుందో ముందే అడిగి తెలుసుకోవడం మంచిది.

అపోహ: పిల్లలకు ఫోన్ చేస్తే నిజం తెలుస్తుంది.

వాస్తవం: లాక్‌డౌన్ వేళ దీపాలు ఆర్పి నిశ్శబ్దంగా దాక్కున్న గదిలో ఫోన్ మోగితే ఆ గదిలో పిల్లలున్నారని చాటినట్టే అవుతుంది. పైగా అందరూ ఒకేసారి ఫోన్ చేస్తే నెట్‌వర్క్ కిక్కిరిసి, అవసరమైన కాల్ కూడా కలవకపోవచ్చు.

అపోహ: బంధువులు ఎవరు వచ్చినా పిల్లలను పంపించేయాలి.

వాస్తవం: నమోదైన పేరు, గుర్తింపు పత్రం సరిచూసి, సంతకం తీసుకున్న తరువాతే పంపిస్తారు. వరుసలో నిలబడడం కష్టమే, కానీ ఆ గందరగోళంలోనే అపరిచితుల చేతికి పిల్లలు చిక్కే అవకాశం ఎక్కువ. ఫోన్ నంబరు మారినా, పిల్లలను తీసుకువెళ్లే వ్యక్తి మారినా ఈ వారంలోనే కార్యాలయానికి తెలియజేయండి.