ట్రెక్కింగ్ బ్యాగు సర్దడం: అపోహలు - వాస్తవాలు

డిసెంబరులో ఉత్తరాఖండ్ హిమాలయాల్లోని కేదార్‌కంఠ ఎక్కడానికి వచ్చే బ్యాచుల్లో మన హైదరాబాద్, వైజాగ్ వాళ్లు బాగానే కనిపిస్తారు. ట్రెక్ లీడర్‌గా నడక మొదలయ్యే ఊరు సాంక్రీలో బయల్దేరే ముందు ఒక్కొక్కరి బ్యాగూ చూస్తాను. ఎన్ని కిలోలన్నది తర్వాతి సంగతి. ఆ బరువు బ్యాగులో ఎక్కడుంది, ఒంటి మీద ఎక్కడ పడుతోంది అన్నదే ముందు చూస్తాను.

అపోహ: బరువైనవి అడుగున పెడితే బ్యాగు నిలకడగా ఉంటుంది.

నేల మీద నిలబెట్టడానికైతే సరే. వీపున వేసుకుంటే మాత్రం అడుగు బరువు వెనక్కీ కిందికీ లాగుతుంది. దానికి ఎదురుగా మనం ముందుకు వంగి నడుస్తాం, సాయంత్రానికి నడుము పట్టేస్తుంది. అడుగున పెట్టాల్సింది స్లీపింగ్ బ్యాగు, రాత్రి వేసుకునే బట్టలు. క్యాంపు చేరేదాకా వాటితో పనిలేదు. తిండి, పవర్ బ్యాంకు లాంటి బరువైనవి వీపు మీది రెండు రెక్క ఎముకల మధ్య ఎత్తులో, వీపుకు ఆనేలా పెట్టి, కదలకుండా చుట్టూ జాకెట్లు కుక్కాలి. రెయిన్ జాకెట్, గ్లౌజులు, మందులు అన్నిటికన్నా పైన. లీటరు నీళ్లంటే కిలో బరువు. రెండు సీసాలూ ఒకే పక్క జేబులో పెడితే రోజంతా ఒక పక్కకు ఒరుగుతూ నడవాల్సిందే.

ఇంట్లోవాళ్లు ప్రేమగా కట్టిచ్చిన ఆవకాయ గాజు సీసా దాదాపు ప్రతి తెలుగు బ్యాచులోనూ బయటపడుతుంది. తెచ్చుకోండి, వద్దనను. కానీ బిగుతు మూతున్న చిన్న ప్లాస్టిక్ డబ్బాలో, రెండు కవర్లు చుట్టి. ఈకల స్లీపింగ్ బ్యాగుకు నూనె పట్టిందంటే ఈకలు ముద్ద కట్టి వెచ్చదనం పోతుంది.

అపోహ: భుజాలు గట్టిగా ఉంటే చాలు, హిప్ బెల్ట్ అలంకారం.

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. బ్యాగుకు తుంటి చుట్టూ వచ్చే ఈ బెల్ట్ సరిగ్గా బిగిస్తే బరువులో ఎక్కువ భాగం తుంటి ఎముకల మీదికి, అక్కడి నుంచి కాళ్లకు దిగుతుంది. బిగించడానికీ ఒక వరుస ఉంది. ముందు అన్ని పట్టీలూ వదులు చేసి బ్యాగు వేసుకోండి. బెల్ట్ మధ్యభాగం తుంటి ఎముక పైఅంచు మీద కూర్చోవాలి, పొట్ట మీద కాదు. అది బిగించాకే భుజం పట్టీలు లాగాలి. ఆ తర్వాత భుజాల పైనుండే చిన్న పట్టీలు. అవి బ్యాగు పైభాగాన్ని వీపు దగ్గరికి తెస్తాయి. చివరగా ఛాతీ పట్టీ, ఊపిరి ఆడేంత వదులుగా. భుజం పట్టీ బరువుతో లోపలికి దిగబడి, కింద వేలు కూడా దూరకపోతే బెల్ట్ పని చేయట్లేదన్నమాట.

బెల్ట్ ఎంత సర్దినా కుదరకపోతే బ్యాగు సైజే తేడా. తల వంచితే మెడ కింద ఒక ఎముక ముడి తగులుతుంది. అక్కడి నుంచి తుంటి ఎముకల ఎత్తు వరకు వెన్ను వెంట టేపుతో కొలవండి. మనిషి పొడుగును కాదు, ఈ కొలతను బట్టి బ్యాగు కొనాలి.

అపోహ: ఎందుకైనా మంచిది, పెద్ద బ్యాగే కొనాలి.

ఖాళీ కనిపిస్తే నింపేస్తాం. టెంట్లు, వంట సామాను కంచరగాడిదల మీద వచ్చే ట్రెక్కులకు 50 లీటర్లు ధారాళం. జీన్స్ లాంటి బరువైన బట్టలు ఇంటి దగ్గరే వదిలేయండి.

అపోహ: రెయిన్ కవర్ ఉంది కదా, తడవదు.

కవర్ వీపు వైపు మూయదు. వాన నీళ్లు మెడ మీదుగా జారి సరిగ్గా అటే లోపలికి దిగుతాయి, గాలి వీస్తే కవరే ఎగిరిపోతుంది. బ్యాగు లోపల మందపాటి పాలిథిన్ సంచి పరిచి, అందులో సామాను సర్ది మూతి మెలితిప్పి మడవండి. బజారులో దొరికే పెద్ద సంచి చాలు.

అపోహ: ఒంటి బరువులో ఐదో వంతు దాకా ఎవరైనా మోయగలరు.

ఇదొక అంచనా మాత్రమే. పొట్ట పెరిగి 90 కిలోలైన మనిషి 18 కిలోలు మోయగలడని ఈ లెక్క చెబుతుంది. ఎక్కడం మొదలెట్టిన అరగంటకే మోకాళ్లు వేరే లెక్క చెబుతాయి. బయల్దేరడానికి రెండు మూడు వారాల ముందు నుంచే, నీళ్లతో సహా అన్నీ సర్దిన బ్యాగుతో అపార్ట్‌మెంట్ మెట్లు ఎక్కి దిగండి. లిఫ్టులో వాళ్లు వింతగా చూస్తారు, చూడనివ్వండి. ఏ పట్టీ ఎక్కడ ఒరుసుకుంటోందో అక్కడే తెలిసిపోతుంది, మార్చుకోవడానికి టైమూ ఉంటుంది.