మొక్కల ట్యాంకు అడుగున ఏం పరవాలి: అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో ఇళ్లకీ, లాడ్జీల రిసెప్షన్లకీ అక్వేరియంలు పెట్టి, నెలనెలా వెళ్లి శుభ్రం చేసి వచ్చే పని నాది. మొక్కల ట్యాంకు కావాలని ఫోన్ చేసేవాళ్లు చాలామంది చేపల సంగతి తర్వాత, ముందు "అన్నా, అడుగున ఏ సాయిల్ వేయాల?" అంటారు. అప్పటికే పది వీడియోలు చూసి ఒక నిర్ణయానికి వచ్చేసి ఉంటారు, నేను కాదంటే ఇంకొకరికి ఫోన్ చేస్తారు. అందుకే రోజూ వినే మాటలన్నీ ఒకచోట రాసి పెడుతున్నా, ఇకమీదట ఎవరడిగినా ఇదే పంపిస్తా.

అపోహ: ఖరీదైన ఆక్వాసాయిల్ లేకపోతే మొక్కలు బతకవు

ఆక్వాసాయిల్ అంటే ఇలాంటి ట్యాంకుల కోసమే ప్యాకెట్లలో అమ్మే మట్టి గింజలు, నేను సాయిల్ అనేది దాన్నే. ఏ మొక్కలు పెడతారో ముందు చెప్పండి. అనుబియాస్, జావా ఫెర్న్, బూసెఫలాండ్రా, మాస్ రకాలకి అడుగున ఏముందో అనవసరం. రాయికో చెక్కకో దారంతో కట్టేస్తే నీళ్లలోంచే తిండి లాక్కుంటాయి. బైరాగిపట్టెడలో ఒకాయన తొమ్మిది లీటర్ల సాయిల్ ప్యాకెట్ కొని, అందులో అనుబియాస్‌ని దుంపతో సహా పూడ్చేశాడు. నెల తర్వాత నేను వెళ్లేసరికి ఆకులు పచ్చగానే ఉన్నాయి గానీ ముట్టుకుంటే ఒక్కొక్కటీ ఊడి చేతికొస్తోంది. పైకి తీస్తే ఆ దుంప, రైజోమ్ అంటారు దాన్ని, కుళ్లిన అల్లం ముక్కలా మెత్తగా వేళ్లకి అంటుకుంది. "సాయిల్ మంచిది ఇవ్వలేదేమో సామీ" అన్నాడాయన. సాయిల్ బంగారం లాంటిదే, ఆ మొక్కకి దాంతో పనే లేదు, అంతే.

క్రిప్టోకొరైన్, అమెజాన్ స్వోర్డ్ వేళ్లతో బాగా తినే రకాలు. వాటికి కూడా సాయిలే కావాలని రూలేం లేదు. మామూలు ఇసుకలో మొక్క మొదలుకి దగ్గరగా రూట్ ట్యాబ్లెట్, అంటే ఎరువు బిళ్ల, లోతుగా గుచ్చి, రెండు మూడు నెలలకోసారి కొత్తది పెడితే చాలు. రోటాలా, హైగ్రోఫిలా లాంటి కాడ మొక్కలు వేళ్లతోనూ తింటాయి, ఆకులతో నీళ్లలోంచీ తీసుకుంటాయి, కాబట్టి లిక్విడ్ ఎరువుతోనూ నెట్టుకురావచ్చు. మరి సాయిల్ ఎప్పుడు? ముందుభాగమంతా తివాచీలా పరుచుకునే మొక్కలు కావాలి, సీఓటూ (కార్బన్ డయాక్సైడ్ గ్యాస్) పెడతాను, లైటు గట్టిగా ఉంది అన్నప్పుడు. అప్పుడు పెట్టిన డబ్బుకి ఫలితం కళ్లకి కనిపిస్తుంది.

అపోహ: ఆక్వాసాయిల్ వేశాక పీహెచ్ సంగతి అదే చూసుకుంటుంది

మన ఊళ్లో ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. పీహెచ్ అంటే నీళ్లు ఎంత ఆమ్లమో, ఎంత క్షారమో చెప్పే కొలత. చాలా రకాల ఆక్వాసాయిల్ అంటే మట్టిని గింజలుగా చేసి కాల్చినదే. అది నీళ్లలోని కార్బొనేట్ కాఠిన్యాన్ని, నీళ్లు టెస్ట్ చేసే కిట్ మీద కేహెచ్ అని ఉంటుంది చూడండి, దాన్ని పీల్చుకుని పీహెచ్‌ని 6.5 చుట్టుపక్కలకి దించుతుంది. కానీ ఆ పీల్చుకునే శక్తికి ఒక హద్దుంది. కళ్యాణి డ్యామ్ నీళ్లో, తెలుగుగంగ నీళ్లో వచ్చే ఇంటి లెక్క వేరు, బోరు నీళ్ల ఇంటి లెక్క వేరు. మీ గీజర్ రాడ్ మీద, బకెట్ అంచు మీద తెల్లగా పొర కడుతోందా? అయితే ప్రతి వారం నీళ్లు మార్చినప్పుడల్లా ఆ తెల్లపొర సరుకునే సాయిల్‌కి తినిపిస్తున్నారు. కేహెచ్ తక్కువున్న మెత్తటి నీళ్లలో ఏడాది పైన పనిచేసే సాయిల్ ఇక్కడ కొన్ని నెలలకే చేతులెత్తేస్తుంది. పోషకాలు ఇంకా ఉంటాయి, మొక్కలు పెరుగుతూనే ఉంటాయి, పీహెచ్ మాత్రం మళ్లీ బోరు లెక్కకే వచ్చేస్తుంది. సాయిల్ నకిలీదని షాపువాడితో గొడవపడే ముందు మీ నీళ్ల కేహెచ్ చూసుకోండి. అవసరమైతే సగం ఆర్వో నీళ్లు కలపండి. ఆర్వో నీళ్లంటే మంచి పైపులో వచ్చేవి సామీ, వేస్ట్ పైపులోవి కాదు! పారబోయడం ఎందుకని ఆ వేస్ట్ నీళ్లు ట్యాంకులో పోసేవాళ్లని చూశా. వాటిలో లవణాలు బోరు నీళ్లకంటే ఇంకా చిక్కగా ఉంటాయి.

ఇంకోటి, కొత్త సాయిల్ మొదటి కొన్ని వారాలు అమ్మోనియా వదులుతుంది. అన్ని రకాలూ కాదు, కానీ చాలా వరకు అంతే. పీహెచ్, వేడి పెరిగేకొద్దీ అదే అమ్మోనియా చేపకి మరింత విషమవుతుంది. మే నెలలో తిరుపతి ఎండ, ఏసీ లేని హాలు, కొత్త సాయిల్, సాయంత్రానికే పాతిక నియాన్ టెట్రాలు... వద్దు. కనీసం నెలరోజులు మొక్కలతోనే నడపండి, నీళ్లు తరచూ మార్చండి, టెస్టులో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా అయ్యాకే చేపలు.

అపోహ: "ఇసకకేం సామీ, ఏట్లో కావాల్సినంత ఉండాది"

స్వర్ణముఖి ఇసుక చెడ్డదని నేననను. మీరు వెళ్లి తవ్వుకురావద్దనే అంటాను. ఇల్లు కట్టినప్పుడు మిగిలిన ఇసుక ఉంటే దాన్నే జల్లించండి. పిండిలాంటిది, గులకరాళ్లు తీసేయండి, ఆవగింజంత సైజు మిగిలితే చాలు. బియ్యం కడిగినట్టు కడుగుతూ పోతే పది పన్నెండు నీళ్లకి గానీ తేట రాదు, ఓపిక పట్టాలి. తర్వాత ఒక చెంచా ఇసుక గాజు గ్లాసులో వేసి వెనిగర్ పోయండి. వెనిగర్ అంత ఘాటైనది కాదు కాబట్టి చూస్తే సరిపోదు, గ్లాసు చెవి దగ్గర పెట్టుకోండి. సోడా మూత తీసినట్టు సన్నగా చిటపటమంటే, అందులో నత్తగుల్ల ముక్కలో సున్నపురాయో ఉన్నట్టే. అది నీళ్ల కాఠిన్యాన్ని ఇంకా పెంచుతుంది. పాలరాయి ముక్కలదీ ఇదే కథ.

ఎం-శాండ్, అంటే రాళ్లు పిండి కొట్టి చేసే ఇసుక, అడుగుతున్నారు ఈమధ్య. రాతిపొడి ఎక్కువ, అంచులు పదును, అడుగున తిరిగే కోరీడోరాస్ చేపలున్న ట్యాంకుకి నేను వేయను.

అపోహ: మన ఎర్రమట్టి, వర్మీకంపోస్ట్ ఉండగా సాయిల్ ఎందుకు?

దీనికి జవాబు నా డబ్బులతో నేర్చుకున్నా. మొదట్లో సొంత ట్యాంకులో రెండంగుళాల వర్మీకంపోస్ట్ వేసి, పైన అంగుళం ఇసుక కప్పా. నాలుగో రోజుకి నీళ్లు టీ డికాక్షన్. ఆ తర్వాత అడుగునుంచి బుడగలు ఇసుకని తన్నుకుని పైకొచ్చాయి, వెనకాలే కంపోస్ట్ తేలి కాఫీ పిప్పిలా పైన తెట్టు కట్టింది. ఒకరోజు తెల్లారి చూస్తే గప్పీలు నీటి అంచున నోళ్లు తెరుచుకుని ఉన్నాయి, మధ్యాహ్నానికి పదకొండు పోయాయి. పూర్తిగా మాగని సరుకు కుళ్లుతూ ఆక్సిజన్ లాగేసింది, అమ్మోనియా వదిలింది.

మట్టి ట్యాంకు తప్పుడు పద్ధతేం కాదు, అమెరికాలో డయానా వాల్‌స్టాడ్ అనే ఆవిడ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి చాలామందికి బాగానే పనిచేస్తోంది. కానీ మట్టి రెండు మూడు సెంటీమీటర్లు దాటకూడదు, పైన మూడు నాలుగు సెంటీమీటర్ల ఇసుక ఉండాలి. ఎర్రమట్టిలో ఇనుముంది నిజమే, బంక కూడా ఉంది. మొక్క పీకి ఇంకోచోట నాటిన ప్రతిసారీ ట్యాంకు ఎర్రనీళ్లవుతుంది. ఒకసారి పెట్టి కదపకుండా ఉండగలిగితేనే దాని జోలికెళ్లండి. టమోటా చేలోదీ వేరుశనగ చేలోదీ అసలొద్దు. పురుగుమందు మనకి కనపడదు, రొయ్యలకి తెలిసిపోతుంది.

అపోహ: మందంగా వేస్తే అడుగున విషవాయువు తయారై చేపలు చస్తాయి

ఇసుక మరీ సన్నగా, బాగా మందంగా, మొక్కల్లేకుండా ఉంటే నల్ల మచ్చలు పడి కుళ్లిన గుడ్డు వాసన రావచ్చు. మొక్కల వేళ్లు మాత్రం కిందకి ఆక్సిజన్ పంపుతాయి. పుల్లతో గుచ్చితే వచ్చే బుడగల్లో చాలావరకు వాసనే ఉండదు, భయపడక్కర్లేదు. ముందు నాలుగు, వెనక ఎనిమిది సెంటీమీటర్లు వేస్తా నేను. లెక్క కూడా సులువే: పొడవు, వెడల్పు, సగటు మందం సెంటీమీటర్లలో గుణించి వెయ్యితో భాగిస్తే లీటర్లు. 60కి 30 ట్యాంకులో సగటున 6 అంటే 10.8 లీటర్లు. తొమ్మిది లీటర్ల ప్యాకెట్ ఒకటి తెచ్చి చాలలేదని మళ్లీ పరిగెత్తేది అందుకే.

అపోహ: ఏడాదికోసారి అంతా తీసి కడగాలి

వద్దు. చేపల రెట్ట, రాలిన ఆకులు ఇసుకలోకి దిగి మాగేకొద్దీ అదే ఎరువవుతుంది. రైల్వే స్టేషన్ దగ్గర ఒక లాడ్జిలో ట్యాంకు అడుగు నల్లబడిందని, ఇసుకంతా మార్చమని ఓనరు పట్టుబట్టాడు. నేను ముందువైపు గాజు పక్కన నాలుగు వేళ్ల వెడల్పు మాత్రం సైఫన్‌తో లాగి, అక్కడ కొత్త ఇసుక పోసి వచ్చేశా. వెనక క్రిప్టోకొరైన్ వేళ్లు ఎంత దూరం పాకాయో ఆయనకి తెలీదు, తీసి చూపించాలంటే ట్యాంకంతా పీకాలి. ఇసుక మార్చావు, ఇప్పుడు బాగుందని ఆయన చాలా సంతోషపడ్డాడు, నేనూ ఏం మాట్లాడలేదు.