అపోహలు – వాస్తవాలు: “కన్వీనర్ సీటేగా, ఫీజంతా ప్రభుత్వమే కడుతుంది”

ఇంజినీరింగ్ వెబ్ ఆప్షన్ల (ఆన్‌లైన్‌లో కాలేజీల ఎంపిక) రోజులు వచ్చాయంటే తల్లిదండ్రుల నోట ఇదే మాట. కన్వీనర్ సీటంటే ప్రభుత్వ కౌన్సెలింగ్‌లో ర్యాంకును బట్టి ఇచ్చేది. తెలంగాణలో ఈ ఒక్క నమ్మకం కొట్టే దెబ్బ ముందు మిగతా పుకార్లన్నీ దిగదుడుపే.

బీసీ, ఈబీసీ విద్యార్థికి పూర్తి ఫీజు రావాలంటే ఈఏపీసెట్ ర్యాంకు 10,000 లోపు ఉండాలి. అది దాటితే ఏడాదికి గరిష్ఠంగా 35,000. కొన్ని మినహాయింపులున్నాయి, ఎస్సీ, ఎస్టీలకు ఈ ర్యాంకు షరతు లేదు. బీసీ, ఈబీసీలకు ఏడాది ఆదాయ పరిమితి పల్లెల్లో లక్షన్నర, పట్టణాల్లో 2 లక్షలు.

ఇప్పుడు కాగితం తీసి లెక్క వేయండి. ర్యాంకు 18,000, కాలేజీ ఫీజు 1,40,000. ప్రభుత్వమిచ్చే ఫీజు రీయింబర్స్‌మెంట్ పోను ఏటా 1,05,000 మీ జేబులోంచే. నాలుగేళ్లకు 4,20,000. అదే 45,000 ఫీజున్న కాలేజీలో నాలుగేళ్లకూ కలిపి మీ వాటా 40,000. పెద్ద కాలేజీ వద్దని కాదు, ఈ అంకె చూసుకుని ఆప్షన్ పెట్టండి. ఈపాస్‌లో (రీయింబర్స్‌మెంట్ దరఖాస్తు వెబ్‌సైట్) ఏటా రెన్యువల్ చేయాలి, హాజరు 75 శాతం ఉండాలి. ప్రభుత్వం నుంచి డబ్బు ఆలస్యమైతే కాలేజీ ముందు మిమ్మల్నే కట్టమంటుంది. అందుకు కొంత సొమ్ము పక్కన పెట్టుకోండి.

అపోహ: ప్రైవేటు యూనివర్సిటీలోనూ రీయింబర్స్‌మెంట్ వస్తుంది.
రాదు. మేనేజ్‌మెంట్ కోటాకూ రాదు. ఆంధ్రప్రదేశ్‌లో ప్రైవేటు వర్సిటీలు 35 శాతం సీట్లు కన్వీనర్ కోటాకు ఇస్తాయి. అక్కడి చుట్టాల మాట విని ఇక్కడ లెక్క కట్టకండి.

ఇంకో చిక్కు: ప్రైవేటు యూనివర్సిటీ బ్రోషర్‌లో కనిపించేది మొదటి ఏడాది ఫీజు. “50 శాతం స్కాలర్‌షిప్” అంటే, సీజీపీఏ (సగటు గ్రేడు) ఎంతకు తగ్గితే పోతుంది, ఒక్క బ్యాక్‌లాగ్‌తో (తప్పిన సబ్జెక్టు) పోతుందా, ఏటా ఫీజు ఎంత శాతం పెరుగుతుంది అన్న మూడూ రాతపూర్వకంగా అడగండి. నోటిమాట చెల్లదు. ఫీజుల నియంత్రణ కమిటీ కింద ఉన్న కాలేజీలోనైతే, చేరిన ఏడాది ఫీజే కోర్సు అయ్యేదాకా.

అపోహ: లోన్ ఉందిగా, ఉద్యోగం వచ్చాక కట్టేస్తాడు.
ఏటా రెండున్నర లక్షల చొప్పున 10 లక్షలు, 10 శాతం వడ్డీకి తీసుకున్నారనుకోండి. కోర్సు, ఆపై ఏడాది మారటోరియం (వాయిదాలు కట్టక్కర్లేని గడువు) ముగిసేసరికి సాధారణ వడ్డీయే మూడున్నర లక్షలు. బాకీ 13.5 లక్షలు. పదేళ్ల గడువుకు ఈఎంఐ దాదాపు 17,800. మొదటి జీతం 25,000 అయితే చేతిలో మిగిలేదెంత? కుదిరితే చదువుతున్నప్పుడే నెలనెలా వడ్డీ కట్టేయండి, అసలు మీద పేరుకోదు.

అపోహ: ఎన్ఐటీ ఫీజు మనవల్ల కాదు.
ట్యూషన్ ఏడాదికి 1,25,000. కుటుంబ ఆదాయం లక్ష లోపైతే పూర్తి మాఫీ, లక్ష నుంచి 5 లక్షల మధ్య మూడింట రెండు వంతులు మాఫీ. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు ఆదాయంతో పని లేకుండా పూర్తి మాఫీ. ఇది తెలియక జోసా (ఐఐటీ, ఎన్ఐటీ సీట్ల) కౌన్సెలింగ్ వదిలేసేవాళ్లున్నారు, పాపం.

అపోహ: ప్రభుత్వ యూనివర్సిటీ అంటే చవకే.
రెగ్యులర్ సీటైతే అవును. అదే క్యాంపస్‌లో సెల్ఫ్ ఫైనాన్స్ (విద్యార్థుల ఫీజుతోనే నడిచే కోర్సు) సీటుంటే లెక్క వేరు. కోర్సు పేరు పక్కన ఏముందో చదవండి.

అపోహ: వర్సిటీకి ముందే కట్టాం, మానుకుంటే అంతా పోయినట్టే.
భయపడకండి. యూజీసీ (యూనివర్సిటీలను నియంత్రించే కేంద్ర సంస్థ) 2018 నిబంధన ప్రకారం, అడ్మిషన్ల చివరి తేదీకి 15 రోజులు లేదా అంతకంటే ముందే రద్దు చేసుకుంటే మొత్తం తిరిగివ్వాలి. ప్రాసెసింగ్ కింద 5 శాతం, అదీ 5,000 మించకుండా, పట్టుకోవచ్చు. 15 రోజుల కంటే తక్కువ ఉంటే 90 శాతం. ఆ తేదీ దాటాక 15 రోజుల్లోపు 80, నెలలోపు 50, ఆపైన ఏమీ రాదు. రద్దు విషయం ఫోన్లో చెప్పి ఊరుకోకండి. ఈమెయిల్ పంపి, రసీదు నకలు జతచేయండి, పంపిన తేదీయే మీకు సాక్ష్యం.