అట్లాంటిస్ రాజు సమాధి పెరూలోకి ఎలా వచ్చింది?

టూంబ్ రైడర్ అనే వీడియో గేముల వరసలో మొదటి గేమును కొత్తగా మళ్ళీ తయారు చేస్తున్నట్టు 2025 డిసెంబరులో ప్రకటించారు. పేరు ‘లెగసీ ఆఫ్ అట్లాంటిస్’. దాంతోపాటే ఒక పాత ప్రశ్న కూడా పైకి లేచింది. 1996లో వచ్చిన ఆ గేము ఆడినవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. అందులో నాయిక లారా క్రాఫ్ట్ పెరూ కొండల్లో గుహలు దాటి, ఒకప్పుడు అక్కడ ఏలిన ఇన్కాల పట్టణం విల్కబాంబా దాటి, రాక్షసబల్లులు తిరిగే లోయ దాటి ఒక సమాధి చేరుతుంది. ఇన్కాల ఊరి వెనకాల ఉన్న ఆ సమాధి ఇన్కా రాజుది కాదు, సముద్రంలో మునిగిపోయిందని కథగా చెప్పే అట్లాంటిస్ ద్వీపాన్ని ఏలిన క్వాలోపెక్‌ది. తర్వాత గ్రీసుకు పోతే అక్కడా ఒక అట్లాంటిస్ పాలకుడి సమాధే. అక్కణ్ణించి ఈజిప్టు, ఆఖరికి అట్లాంటిస్. ఎవరి నేల తవ్వినా అడుగున అట్లాంటిస్సే ఉంటుంది.

ఇదంతా గేము రాసినవాళ్ళ సొంత ఊహ అనుకుంటే పొరపాటు. ఈ దారి వేసింది 1882లో ఒక అమెరికన్ రాజకీయ నాయకుడు.

అట్లాంటిస్ కథ గ్రీకు తత్వవేత్త ప్లేటోదని అందరికీ తెలుసు కాబట్టి అందులోకి ఎక్కువ పోను. ఒక్క సంగతి మాత్రం చెప్పుకోకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. ప్లేటో కథలో అట్లాంటిస్ గొప్పదే కానీ మంచిది కాదు. సంపద తలకెక్కి, పక్క దేశాలను చెరపట్టడానికి బయల్దేరిన రాజ్యం అది. దాన్ని ఎదిరించి నిలిచింది ఏథెన్స్. కథలో నాయిక ఏథెన్స్ అయితే, అట్లాంటిస్ ఒక హెచ్చరిక. అది ఒక పగలు, ఒక రాత్రిలో మునిగిందంటే ఆనాటి గ్రీకులకు వింతగా కూడా తోచి ఉండదు. ప్లేటో బతికుండగానే, క్రీ.పూ. 373లో, హెలికె అనే గ్రీకు నగరం భూకంపానికి రాత్రికి రాత్రే నీళ్ళపాలైంది.

ఈ రకం కథ మనకూ బాగా తెలుసు. మౌసల పర్వంలో సముద్రం ద్వారకను ముంచేది యాదవులు మదమెక్కి, తుంగ పీకి ఒకరినొకరు కొట్టుకుని చచ్చాకే. నీళ్ళు ఆఖర్న వస్తాయి, ఊరు చెడేది అంతకు ముందే. ఇప్పటికీ ఒక పార్టీలోనో ఇంట్లోనో కలతలు మొదలైతే ‘ముసలం పుట్టింది’ అంటాం. ఆ మాట అన్నప్పుడు మన మనసులో ఉండేది మునిగిన భవనాలు కాదు, మునగడానికి కారణం. ప్లేటో చెప్పదలుచుకున్నదీ అదే.

1882లో ఈ కథ తలకిందులైంది.

ఇగ్నేషియస్ డానెల్లీ ఫిలడెల్ఫియాలో పుట్టి, మినసోటా వెళ్ళి, నినింగర్ అనే కొత్త ఊరు కట్టబోయి 1857 ఆర్థిక సంక్షోభంలో దెబ్బతిన్నవాడు. 1863 నుంచి 1869 దాకా అమెరికా కాంగ్రెస్‌లో సభ్యుడు. బాగా చదువుకున్నవాడు, వాదన పేర్చడంలో దిట్ట. అట్లాంటిస్ మీద ఆయన పుస్తకం రాగానే జనం ఎగబడి చదివారు, బ్రిటిష్ ప్రధాని గ్లాడ్‌స్టన్ అంతటివాడు మెచ్చుకుంటూ ఉత్తరం రాశాడు. పుస్తకం మొదట్లోనే 13 ప్రతిపాదనలు ఉంటాయి. ప్లేటో చెప్పింది కథ కాదు, చరిత్ర. మనిషి అనాగరిక స్థితి నుంచి మొదట పైకి వచ్చింది అట్లాంటిస్‌లోనే. ఈజిప్టు ఆ ద్వీపంవాళ్ళ తొలి వలస రాజ్యం. గ్రీకుల, ఫినీషియన్ల, హిందువుల, స్కాండినేవియన్ల దేవతలందరూ అసలు అట్లాంటిస్ రాజులూ రాణులూ వీరులే. మన దేవుళ్ళను కూడా ఆ ద్వీపం లెక్కలోనే వేశాడన్నమాట. దండెత్తి వచ్చిన రాజ్యం కాస్తా లోకానికి గురువైపోయింది. ఏథెన్స్ సంగతి మరుగున పడింది.

ఆయన తర్కం వినడానికి బాగుంటుంది. ఈజిప్టులో పిరమిడ్లున్నాయి, మెక్సికోలోనూ ఉన్నాయి, కాబట్టి ఇద్దరికీ నేర్పినవాళ్ళు మధ్య సముద్రంలో ఎక్కడో ఉండాలి. ఈజిప్టు పెద్ద పిరమిడ్లు క్రీ.పూ. 2600 ప్రాంతంలో రాజుల సమాధులుగా కట్టినవి. మెక్సికోలో టియోటివాకాన్ పిరమిడ్లు క్రీస్తు శకం తొలి శతాబ్దాల్లో లేచినవి. నడుమ రెండున్నర వేల ఏళ్ళకు పైగా తేడా. రాళ్ళు ఎత్తుగా పేర్చాలంటే అడుగు వెడల్పుగా, పైన సన్నగా పెట్టాలని ఏ మేస్త్రీకీ ఇంకో ఖండం నుంచి ఎవరూ వచ్చి చెప్పనక్కర్లేదు.

తర్వాతివాళ్ళు ఈ పునాది మీదే అంతస్తులు వేశారు. అందులో ఒకటి మనకు దగ్గర్లోనే లేచింది. డానెల్లీ పుస్తకం వచ్చిన ఏడాదే, 1882 డిసెంబరులో, దివ్యజ్ఞాన సమాజం (థియోసాఫికల్ సొసైటీ) అనే ఆధ్యాత్మిక సంస్థ మద్రాసు అడయారుకు మకాం మార్చింది. 1888లో ఆ సమాజం స్థాపకుల్లో ఒకరైన బ్లావట్‌స్కీ రాసిన గ్రంథంలో అట్లాంటిస్ ఒక మూలజాతి, అంటే మనకంటే ముందటి మానవ జాతి, నివాసమైంది. 1896లో అదే సమాజానికి చెందిన స్కాట్ ఎలియట్ అక్కడ గాలిలో ఎగిరే ఓడలున్నాయని రాశాడు. ఆ తర్వాత అమెరికాలో ఎడ్గర్ కేసీ నిద్రలో చెప్పిన సోదెలో మహాశక్తి గల స్ఫటికాలు చేరాయి. ఏ గేములోనైనా పాత గుడిలో స్ఫటికం వెలిగి యంత్రం కదిలిందంటే, ఆ వెలుగు గ్రీసు నుంచి వచ్చింది కాదు. ప్లేటోలో ఉన్న ఓరికాల్కమ్ ఒట్టి లోహం, కోట గోడలకు తాపడం చేసినది. అదే లోహం 1992 నాటి ‘ఫేట్ ఆఫ్ అట్లాంటిస్’ గేములో రాతి యంత్రాలను నడిపే పూసలైంది. 2019లో అసాసిన్స్ క్రీడ్ ఒడిస్సీకి వచ్చిన అట్లాంటిస్ భాగంలోనూ మనుషులకంటే ముందున్న ఒక జాతి, వాళ్ళ మహా సాంకేతికత ఉంటాయి.

గేములు ఆడేవాళ్ళు చెప్పే జవాబు సూటిగా ఉంటుంది: గేము గేమే, పాఠ్యపుస్తకం కాదు. కాదనను, నేనూ ఆ సమాధి గదిలో గుండె దడదడలాడుతూ తిరిగినదాన్నే. గ్రాహమ్ హాన్‌కాక్ లాంటి రచయితలు ఇంకో అడుగు ముందుకేసి, మంచుయుగంలో ఒక గొప్ప నాగరికత నిజంగానే ఉండి అంతరించిందని, పురావస్తు శాస్త్రవేత్తలు ఆ మాట విననంటున్నారని అంటారు.

శాస్త్రవేత్తల అభ్యంతరం వేరు. 2022 నవంబరు 30న అమెరికా పురావస్తు శాస్త్రవేత్తల సంఘం నెట్‌ఫ్లిక్స్‌కు బహిరంగ లేఖ రాసి, ఈ వాదనతో వచ్చిన హాన్‌కాక్ సిరీస్‌ను డాక్యుమెంటరీగా కాక సైన్స్ ఫిక్షన్‌గా చూపమని అడిగింది. ఇలాంటి సిద్ధాంతాలు స్థానిక ప్రజల పూర్వీకుల ఘనతను వాళ్ళ దగ్గర్నుంచి లాక్కుంటాయన్నది అందులో ముఖ్యమైన మాట. 19వ శతాబ్దంలో అమెరికాలో మిసిసిపీ లోయ మట్టిదిబ్బలు అక్కడి ఆదివాసులైన అమెరికన్ ఇండియన్లు కట్టినవి కావన్నారు. ఆఫ్రికాలోని పాత రాతి నగరం గ్రేట్ జింబాబ్వే ఆఫ్రికన్లు కట్టింది కాదన్నారు. ప్రతిసారీ కట్టినవాళ్ళ పిల్లలు పక్కనే ఉన్నారు, వాళ్ళను మాత్రం ఎవరూ అడగలేదు. 2024 ఫిబ్రవరిలో టూంబ్ రైడర్ మొదటి మూడు గేములు మెరుగుదిద్ది విడుదల చేసినప్పుడు, వీటిలో జాతుల పట్ల, సంస్కృతుల పట్ల అభ్యంతరకరమైన చిత్రణ ఉందని ముందే ఒక నోటీసు పెట్టారు. దాని మీదా పెద్ద రగడ జరిగింది. నాకైతే క్వాలోపెక్ సమాధి కూడా ఆ నోటీసు కింద ఆలోచించాల్సిందే అనిపిస్తుంది.

ఎందుకంటే విల్కబాంబా నిజమైన ఊరు. స్పానిష్ వాళ్ళు ఇన్కా రాజధాని కుస్కోను ఆక్రమించాక ఇన్కాలు అడవిలోకి తగ్గి, దాన్ని రాజధాని చేసుకుని 1572 దాకా నిలబడ్డారు. ఆ ఏడాది సైన్యం వచ్చేసరికి ఊరు తగలబడి, ఖాళీగా ఉంది. ఆఖరి ఇన్కా రాజు తుపాక్ అమారును వెంటాడి పట్టుకుని, కుస్కోలో తల నరికారు. 1911లో అమెరికన్ అన్వేషకుడు హైరమ్ బింగమ్ కొండ మీది ఇన్కా శిథిల నగరం మాచు పిచ్చు చూసి అదే విల్కబాంబా అనుకున్నాడు. అసలు ఊరి శిథిలాలు ఎస్పిరిటు పంపాలో ఉన్నాయి. అదే ఏడాది ఆయన అక్కడికీ వెళ్ళాడు, కానీ గుర్తుపట్టలేదు. 1964లో జీన్ సవాయ్ అనే అన్వేషకుడి బృందం మళ్ళీ చూసేదాకా అది అలాగే ఉండిపోయింది. అక్కడి ఇళ్ళ మీద స్పానిష్ పద్ధతి పెంకులు దొరికాయి. ప్రాణాల కోసం ఎవరితో పోరాడుతున్నారో వాళ్ళ దగ్గర కూడా ఇన్కాలు నేర్చుకున్న పనితనం అది.

గేము వచ్చిన పదిహేనేళ్ళకు, 2011లో, పెరూ ప్రభుత్వం ఇంకో సంగతి ప్రకటించింది. ఎస్పిరిటు పంపాలో తవ్వితే నిజంగానే ఒక పాలకుడి సమాధి బయటపడింది. వెండి ముసుగు, వెండి వక్షాభరణం, బంగారు కడియాలు ఉన్నాయి. ఆ పాలకుడు ఇన్కాలకంటే కొన్ని వందల ఏళ్ళ ముందు ఆండీస్ కొండల్ని ఏలిన హువారి నాగరికత మనిషి. ఆ కొండలవాడే.