ఇంట్లో గాజు మొజాయిక్: అపోహలు – వాస్తవాలు

హనుమకొండలోనో కాజీపేటలోనో ఫొటో ఫ్రేములు కట్టే షాపులో అడిగితే కోతల్లో మిగిలిన గాజు ముక్కలు దొరుకుతాయి. వాటిని పలక మీదో కుండీ మీదో పక్కపక్కన అంటించి బొమ్మ చేయడమే మొజాయిక్. అందుకే చాలామంది ముందు గాజు తెచ్చేసుకుని, పలక, జిగురు సంగతి తర్వాత చూద్దాంలే అనుకుంటారు. కానీ మొజాయిక్ ఊడిందంటే తప్పు చాలావరకు గాజుది కాదు, దాని కిందున్నదానిది.

అపోహ: పగిలిన గాజు ఏదైనా పనికొస్తుంది.

కిటికీలకు వాడే 3, 4 మి.మీ. మామూలు గాజు చక్కగా తెగుతుంది. టఫెన్డ్ (వేడితో గట్టిపరిచిన) గాజును తెంపబోతే మొత్తం చిన్న చిన్న పలుకులై రాలిపోతుంది. సీసా గాజుకు వంపు ఉంటుంది కనుక చదును పలక మీద అంచులు పైకి లేస్తాయి. అది కుండీలకే నయం.

అపోహ: గట్టిగా, రెండు మూడుసార్లు గీస్తేనే గాజు తెగుతుంది.

ఒక్కసారే గీయాలి. కట్టర్ చక్రానికి కుట్టుమిషన్ నూనె అద్ది, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా ఆపకుండా లాగాలి. సరిగ్గా పడితే సన్నగా, ఒకే తీరుగా ‘సర్ర్’మని వినిపిస్తుంది. తెల్లటి పొడి రాలుతోందంటే ఒత్తిడి ఎక్కువైందన్నమాట. అదే గీత మీద మళ్లీ గీస్తే చక్రం మొద్దుబారుతుంది, గాజు కూడా పక్కకు చీలుతుంది. గీసిన వెంటనే గీత కింద అగ్గిపుల్ల పెట్టి రెండు పక్కలా నొక్కండి, టక్కున విడిపోతుంది. కళ్లకు రక్షణ అద్దాలు లేకుండా ఈ పని మొదలుపెట్టొద్దు.

అపోహ: ఫెవికాల్ ఉంటే చాలు.

ఇంట్లో గోడకు తగిలించే చెక్క పలకకైతే చాలు. తెల్ల జిగురు ఆరాలంటే దానిలోని నీరు ఎటో ఒకవైపు పోవాలి. చెక్కయితే పీల్చుకుంటుంది. గాజు సీసా మీద గాజు అంటిస్తే నీటికి దారే ఉండదు, రోజులు గడిచినా మధ్యలో తెల్లగా, మెత్తగా ఉండిపోతుంది. అక్కడ పారదర్శక సిలికాన్ జిగురు వాడాలి. ఆరుబయట పెట్టే కుండీకి పాలిమర్ కలిసిన తెల్ల టైల్ అడ్హెసివ్ తీసుకోండి. వానకు ఫెవికాల్ మెత్తబడుతుంది. మట్టి కుండీకి లోపలివైపు వాటర్‌ప్రూఫ్ పూత కూడా వేయాలి, లేకుంటే మొక్కకు పోసిన నీరు బయటికి ఊరి ముక్కలను వెనకనుంచి నెట్టేస్తుంది.

ముఖం చూసుకునే అద్దం ముక్కల సంగతి వేరు. వెనిగర్ వాసనొచ్చే సిలికాన్ వాటి వెనక పూతను తినేసి నల్ల మచ్చలు తెస్తుంది. ‘న్యూట్రల్’ అని రాసున్న ట్యూబే కొనండి. లంబాడీ కుట్టుపనికి వాడే అద్దాలకూ ఇదే వర్తిస్తుంది. పైగా అవి పల్చన, 4 మి.మీ. గాజు పక్కన పెడితే గ్రౌట్‌లో (ముక్కల మధ్య సందుల్లో నింపే సిమెంటు ముద్దలో) పూడిపోతాయి. కింద ఓ గాజు ముక్క పెట్టి ఎత్తు సమం చేయండి.

అపోహ: డిజైన్ గీయడం వస్తేనే ఈ పని.

రానక్కర్లేదు. ఖిల్లా వరంగల్ కీర్తి తోరణం మొదటి పనికి భలే అనువైనది, ఎక్కువ భాగం నిలువు, అడ్డ గీతలే. లోపలికి తిరిగే వంపులే కష్టం.

అపోహ: గ్రౌట్ పల్చగా కలిపితే సందుల్లోకి బాగా దిగుతుంది.

దిగుతుంది, ఆరాక పగుళ్లిస్తుంది. అడుగు చదరం పలకకు, సందులు 3 మి.మీ. ఉంటే, 300 గ్రాముల పొడి సరిపోతుంది. నీళ్లు 90 మి.లీ.తో మొదలుపెట్టి చెంచా చెంచా పెంచండి. గట్టి పల్లి పచ్చడిలా నిలవాలి. జిగురు అంటించి ఒక రోజు గడిచాకే గ్రౌట్ నింపాలి. కలిపిన గ్రౌట్‌ను 10 నిమిషాలు ఆగి మళ్లీ కలిపి, రబ్బరు పలకతో సందులకు ఏటవాలుగా నెట్టాలి. 15–20 నిమిషాలకు గాజు మీద మబ్బులా పొర కడుతుంది. అప్పుడు గట్టిగా పిండిన స్పాంజితో తుడవాలి. తొందరపడితే సందుల్లోది లేచొస్తుంది. మే నెల ఎండల్లో మాత్రం ఇంతసేపు ఆగనివ్వదు, ఫ్యాను ఆపి పొద్దున్నే నీడలో చేసుకోండి. తర్వాత రెండు రోజులు ప్లాస్టిక్ కవరు కప్పి ఉంచాలి. ఫెవికాల్ వాడిన పలక మీద తడిబట్ట వేయొద్దు.

ఒట్టి వైట్ సిమెంటు వాడేవాళ్లు దానిలో మార్బుల్ పొడి కలపండి. ఇసుక గాజును గీకుతుంది. సిమెంటు చేతులను కాలుస్తుంది, గ్లవుజులు తప్పనిసరి.

అపోహ: పలక ఏదైనా ఒకటే.

ఎండీఎఫ్ (చెక్క నారను అదిమి చేసిన పలక) తడికి ఉబ్బుతుంది. 12 మి.మీ. వాటర్‌ప్రూఫ్ ప్లైవుడ్ తీసుకుని, నీళ్లలో కలిపిన ఫెవికాల్ రెండు వైపులా పూయండి, ఒకవైపే పూస్తే వంగే ప్రమాదం ఉంది. 4 మి.మీ. గాజు చదరపు మీటరుకు 10 కిలోలు. అంటే అడుగు చదరానికే గాజు కిలోకు దగ్గర, పలక, గ్రౌట్ అదనం. అంటించే హుక్కులు వద్దు, స్క్రూలే బిగించండి.